తలుపుండగా పొగగొట్టం

మనిషి కట్టుకున్న వ్యవస్థలన్నిటిలోకీ లోపం లేనిది ఒక్కటే ఉంది. అది మా గ్రోత్‌విక్ పురపాలక సంఘం వారి పండుగ కార్యాలయం. ఇది ఎవరో పొగిడిన మాట కాదు, కార్యాలయం గోడ మీద కార్యాలయమే రాయించుకున్న మాట. అంతటి కార్యాలయం కింద జీతం తీసుకుంటూ కూడా హల్వార్ అనే మనిషి ఒక సందేహాన్ని ఏళ్ళ తరబడి మోసుకు తిరిగాడు. తలుపు ఉన్న ఇంటికి ఎవడైనా పొగగొట్టంలోంచి ఎందుకు వస్తాడు?

నార్వేలో ఏ పిల్లవాణ్ణి అడిగినా క్రిస్మస్ తాత తలుపు తట్టి వస్తాడనే చెబుతాడు. గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, "ఈ ఇంట్లో బుద్ధిమంతులైన పిల్లలున్నారా?" అని అచ్చం పక్కింటి మామయ్య గొంతుతో అడిగి లోపలికి వస్తాడు. కానీ మా ఊరికి వచ్చే యాత్రికులు సినిమాలు చూసి వస్తారు. వాళ్ళ లెక్కలో తాత పొగగొట్టంలోంచే దిగాలి. డబ్బు పెట్టేవాడు ఎలా దిగమంటే అలా దిగే తాత మా తాత. (ఒకప్పుడు మాది చేపల డబ్బాల ఊరు. ఫ్యాక్టరీ మూతబడింది. దాని వాసన పోవడానికి పదేళ్ళు పట్టింది. వాసన పోయిన మరుసటి వారమే సంఘం తీర్మానం చేసి మమ్మల్ని క్రిస్మస్ ఊరుగా ప్రకటించింది. అప్పట్నుంచి మాకు జులైలో కూడా క్రిస్మసే.)

హల్వార్ ఉద్యోగం పొగగొట్టాలు దులిపి తనిఖీ చేయడం. ఊరు మారాక ఆ ఉద్యోగం రెట్టింపయింది, జీతం మాత్రం మారలేదు. ఇంటికి రెండు ధ్రువపత్రాలివ్వాలి. ఈ పొయ్యిలో మంట వేసుకోవచ్చునని మొదటిది. "స్థూలకాయుడైన వృద్ధుడొకరు సంచీతో సహా గాయపడకుండా దిగడానికి ఈ గొట్టం అనువైనది" అని రెండోది. యాత్రికులకు హాయిగా ఉండాలి కనుక పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉండాలని ఇంకో నిబంధన. మంట మండుతుంటే తాత ఎలా దిగుతాడని హల్వార్ ఒకసారి రాతపూర్వకంగా అడిగాడు. ఆ ప్రశ్న రవాణా విభాగం పరిధిలోకి వస్తుందని జవాబొచ్చింది.

ఊళ్ళో ప్రతి పొగగొట్టంలోకీ తల దూర్చి చూసిన మనిషి ఆయనొక్కడే. మసి కనిపించింది. ఒకచోట కాకిగూడు కనిపించింది. తాత జాడ లేదు. అలాంటివాడికి పండుగ మీద నమ్మకం ఎలా ఉంటుంది?

అలాగని దేవుడి మీద నమ్మకం లేనివాడు కాదు. ఈ రెంటికీ తేడా ఉంటుందని మా ఊళ్ళో చాలామందికి చెప్పినా అర్థం కాదు. పండుగ సాయంత్రం చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేవాడు, పాటలు సన్నగా పాడేవాడు, ఇంటికెళ్ళి డబ్బాలోని చేప ఉండలు వేడిచేసుకుని ఒక్కడే తిని పడుకునేవాడు. ప్రభువు పశువుల పాకలో పుట్టాడంటే మారు మాట లేకుండా నమ్మేవాడు. ఆ పాక మీదికి నక్షత్రం ఏ లైసెన్సూ లేకుండా ఎలా వచ్చిందన్నదే ఆయనకి అప్పుడప్పుడు ఆలోచన తెప్పించేది.

ఎందుకంటే మా ఊళ్ళో నక్షత్రానికి లైసెన్సు కావాలి. పండుగ నెలలో మావాళ్ళు కిటికీలో కాగితం నక్షత్రం వేలాడదీసి లోపల దీపం పెడతారు. అది పాత ఆచారం. కార్యాలయం వచ్చాక ఆ నక్షత్రాన్ని కార్యాలయమే ఇవ్వడం మొదలుపెట్టింది. నక్షత్రం ఉన్న ఇల్లే యాత్రికుల్ని లోపలికి పిలవాలి, కాఫీ పోయాలి, అల్లిన చేతితొడుగులు అమ్మాలి. నక్షత్రం లేని ఇంట్లో కాఫీ పోస్తే అది నేరం, ఎంత మంచి కాఫీ అయినా సరే.

మావాళ్ళది ఇంకో ఆచారం ఉంది. పండుగ రోజుల్లో ఇంటికొచ్చినవాడు ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా వెళ్ళకూడదు. వెళ్తే ఆ ఇంటి క్రిస్మస్‌ని వెంట మోసుకుపోయినట్టే. మా అమ్మమ్మలు పోస్టుమాన్‌ని సైతం గుమ్మంలో నిలబెట్టి, నోట్లో బిస్కట్టు కుక్కి పంపేవారు. (జనవరిలో పోస్టుమాన్లకు కొత్త యూనిఫారాలు కుట్టించాల్సి వచ్చేది.) కార్యాలయం ఈ ఆచారాన్ని కూడా చేరదీసి నిబంధనగా మార్చింది. క్రిస్మస్ మోసుకుపోబడిన ఇంటికి నక్షత్రం రద్దు. మోసుకుపోయినవాడే స్వయంగా వచ్చి, పండుగ గంటలు మోగేలోపు, ఆ ఇంటి బల్ల దగ్గరే తిని తిరిగి అప్పగించాలి. తరఫున ఇంకొకరిని పంపరాదు.

అదే భవనంలో పై అంతస్తులో మరో నిబంధన ఉండేది. సంఘం ఉద్యోగి తనిఖీకి వెళ్ళిన ఇంట్లో తినరాదు, తాగరాదు, వాసన బాగుందని అనరాదు. లంచగొండితనాన్ని మొగ్గలోనే తుంచడానికి రాసిన నిబంధన అది. కింది నిబంధన, పై నిబంధన ఎన్నడూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఆ భవనంలో లిఫ్టు పాడై చాలాకాలమైంది.

ఇక సిగ్రున్ సంగతి. పెళ్ళి చెడి, ట్రోన్‌హైమ్ నుంచి తండ్రి దగ్గరికి తిరిగొచ్చి, రేవు వీధిలోని పసుపుపచ్చ ఇంట్లో కాఫీ గది పెట్టుకుంది. తండ్రి పేరు అస్లాక్. చేపల ఫ్యాక్టరీలో మూతలు బిగించి బిగించి రిటైరైన మనిషి. పొయ్యి పక్క కుర్చీలోంచి లేవడు, నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. సిగ్రున్ తిరిగొచ్చిన మొదటి పండక్కి తల్లి వంటసామాన్ల అడుగునుంచి పాత ఇనుప పెనం తీసి, క్రుమ్‌కాకె వేసింది. పల్చగా కాల్చి, వేడి మీదే శంకువులా చుట్టే బిస్కట్టు అది. వేళ్ళు కాలకుండా చుట్టడం ఎవరికీ రాదు. అవి పళ్ళెంలో పెట్టిన పూటే హల్వార్ తనిఖీకి వచ్చాడు.

"సరిగ్గా వచ్చారు. అమ్మ పోయాక ఈ ఇంట్లో ఇవి వేయడం ఇదే మొదలు. మీరే ముందు రుచి చూడాలి" అంది సిగ్రున్.

"నియమం ఒప్పుకోదండీ" అన్నాడు హల్వార్.

"ఒక్కటి. చూడండి, చెయ్యి కాల్చుకుని మరీ చుట్టాను."

"చూస్తున్నానండీ. చూడటానికి అభ్యంతరం లేదు."

"చూడటానికే వచ్చాడులే వాడు" అన్నాడు అస్లాక్ పొయ్యి పక్కనుంచి.

హల్వార్ చెవులు ఎర్రబడ్డాయి. మసి ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

ఏ ఇంటి పొగగొట్టమైనా నాలుగేళ్ళకోసారి తనిఖీ చేస్తే చాలు. సిగ్రున్ ఇంటిని మాత్రం హల్వార్ ఏటా చేశాడు. ఒక ఏడు గాలి తేడాగా ఉందన్నాడు. ఒక ఏడు కట్టెలు చెమ్మగా ఉన్నట్టున్నాయన్నాడు. ఒక ఏడు ఏ కారణమూ దొరక్క, కారణం లేకపోవడమే అనుమానంగా ఉందన్నాడు. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఆ ఇంటి కప్పెక్కిన ప్రతిసారీ తాను గడ్డికే ఎక్కుతున్నానని హల్వార్ మనస్ఫూర్తిగా నమ్మేవాడు. ఆమె ఏటా పళ్ళెం పెట్టేది. ఆయన ఏటా "నియమం ఒప్పుకోదండీ" అని దణ్ణం పెట్టినంత వినయంగా చెప్పి, టోపీ సర్దుకుని, క్రిస్మస్‌ని మోసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంటికెళ్ళి చేప ఉండలు తినేవాడు.

ఇదిలా సాగిపోయేదే. కానీ ఈ ఏడు పండుగ నెల మొదట్లో జర్మనీ దంపతులిద్దరు సిగ్రున్ కాఫీ గదికి వచ్చి వెళ్ళాక యాత్రికులు అభిప్రాయాలు రాసే యాప్‌లో ఇలా రాశారు: "ఇల్లు శుభ్రం. బిస్కట్లు అమోఘం. ముసలాయన మమ్మల్ని తిట్టిన తీరు కూడా ముచ్చటగా ఉంది. అయినా ఆ ఇంట్లో ఏదో లేదు. ఏమిటో చెప్పలేం."

మామూలు ఊళ్ళో అయితే ఇది చదివి నవ్వుకుంటారు. మా ఊళ్ళో కార్యాలయంలో ఎర్ర దీపం వెలుగుతుంది. మర్నాడే విచారణాధికారి ఒకాయన హాయిని కొలిచే పరికరంతో వచ్చాడు. (చూడటానికి గది వేడిని కొలిచేదానిలాగే ఉంటుంది. అదే అని కొందరంటారు.) కొవ్వొత్తులు లెక్కపెట్టాడు. దిండు మెత్తదనం నొక్కి చూశాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. చివరికి అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"ఈ ఇంట్లోంచి పండుగ రోజుల్లో ఎవరైనా ఏమీ తినకుండా వెళ్ళారా?"

అస్లాక్ అబద్ధమాడే మనిషి కాడు. ఆడి తీరవలసిన చోట కూడా ఆడడు.

"ఎందుకెళ్ళలేదూ? ఆ పొగగొట్టం వాడు. ఏటేటా. అంత ఒడుపుగా మోసుకుపోయేవాణ్ణి నేనింకోణ్ణి చూళ్ళేదు" అన్నాడు.

సాయంత్రానికి ముగ్గురు మనుషులొచ్చి నక్షత్రం దించారు. ఒకడు దించాడు, ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు, ఒకడు పారదర్శకత కోసం ఫొటో తీశాడు.

మూడు వారాలు గడిచాయి. పండుగ రేపనగా, హల్వార్ బేకరీ కప్పు మీద ఉండగా కిందనుంచి సిగ్రున్ గొంతు వినిపించింది.

"హల్వార్ గారూ! నా క్రిస్మస్ ఎక్కడ పెట్టారండీ?"

ఆయన దిగొచ్చాడు. ఆమె తలకి శాలువా కూడా సరిగ్గా కప్పుకోలేదు.

"నేనేమీ తీసుకోలేదండీ" అన్నాడు.

"అదే కదా మీ నేరం! ఏమీ తీసుకోలేదు. ఇన్నేళ్ళల్లో ఒక్క ముక్క తీసుకోలేదు. నేను చేసినవి అంత అధ్వాన్నంగా ఉన్నాయా?"

"తినందే ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు హల్వార్. అన్నాక, ఈ మాట తన పక్షాన పనిచేయదని తెలిసింది.

సిగ్రున్ గొంతు తగ్గించింది. "వినండి. నెలంతా గది మూసే ఉంది. ఈ నెల సంపాదనతోనే మేం ఎండాకాలం దాకా గడుపుతాం. ఓస్లో నుంచి బొమ్మల కంపెనీవాళ్ళు ఇల్లు కొంటామంటున్నారు. మా పడగ్గదిని తాత నిద్రపోయే గదిగా చూపిస్తారట. టికెట్టు పెడతారట. రేపు గంటలు మోగేలోపు నక్షత్రం సంగతి తేలకపోతే ఎల్లుండి సంతకం పెట్టి నాన్నని ట్రోన్‌హైమ్‌లో చెల్లెలి దగ్గరికి తీసుకుపోతాను. ఆయన రానంటున్నాడు. అక్కడ మంచాలు మరీ మెత్తనట, అలాంటి వాటి మీద చావు కూడా సరిగ్గా రాదట."

హల్వార్ ఏదో అనబోయాడు. వెళ్ళిపోతే మీ పొగగొట్టం ఎవరు చూస్తారు అని నోటిదాకా వచ్చింది. అది ఎంత తెలివితక్కువ మాటో ఆయనకే తోచి, మింగేశాడు.

"మీకు తెలుసో లేదో, ఏటా ఆ పళ్ళెం మీకని విడిగా తీసేదాన్ని" అంది ఆమె. "ఈ ఏడూ తీశాను. అలవాటు." గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

హల్వార్ ఆ రాత్రి చేప ఉండలు వేడి చేసుకున్నాడు కానీ తినలేదు.

పండుగ రోజు కార్యాలయం మధ్యాహ్నం దాకానే ఉంటుంది. తలుపు తీసేసరికే క్యూ వీధి మలుపు దాటింది. అందరికీ అత్యవసరాలే. ఒకాయన నక్షత్రంలో బల్బు పసుపు రంగుదా తెలుపుదా అని తేల్చుకోవాలి. చేపలకొట్టు బోదిల్‌కి పండుగ అలంకారంగా ఎండుగడ్డితో కట్టి దుకాణం ముందు నిలబెట్టిన మేక బొమ్మకి పార్కింగు అనుమతి కావాలి. హల్వార్ టోకెన్ తీసుకుని, ఎక్కడా ఆగకుండా తిరిగి తిరిగి మోగే గంటల పాట వింటూ కూర్చున్నాడు. ఆయన వంతు రావడానికి, ఆ పాట మీద ఆయనకు ఉన్న చివరి కనికరం పోవడానికి సమయం సరిపోయింది.

గాజుకిటికీ వెనక పండుగ సంచాలకురాలు తోరున్ కూర్చుని ఉంది. హల్వార్‌తో ఒకే బళ్ళో చదివింది. తలమీద ఎర్ర టోపీ. (విధి నిర్వహణలో టోపీ తీయరాదు. మొన్న ఒకరి ఇంట్లో చావుకి కూడా దానితోనే వెళ్ళింది.)

"చెప్పు హల్వార్."

"సిగ్రున్ ఇంట్లో ఒక బిస్కట్టు తినడానికి అనుమతి కావాలి."

"నువ్వు ఉద్యోగివి. తినకూడదు."

"తినకపోతే క్రిస్మస్ తిరిగి అప్పగించినట్టు కాదు కదా?"

"కాదు."

"మరి?"

"మరి అనే దానికి మా దగ్గర విభాగం లేదు" అంది తోరున్ మర్యాదగానే. "ముందు ఇది చెప్పు. మోసుకుపోయినదాన్ని ఎక్కడ భద్రపరిచావు? విధుల్లో ఉండగా ఉద్యోగి చేతికొచ్చిన ఏ వస్తువైనా సంఘానిదే. తిరిగివ్వాలంటే సభ తీర్మానం కావాలి."

హల్వార్ ఆలోచించాడు. "నా దగ్గర లేదు తోరున్. ఇంట్లో ఉంటే నాకు తెలిసేది. ఒక్క ఏడూ కనబడలేదు."

తోరున్ గొంతు సవరించుకుని, "పోయినట్టు రాసుకుంటాను" అంది.

"మినహాయింపు ఏమైనా ఉందా?"

"నిజాయితీ సంఘం వారు ఇస్తారు. ఫిబ్రవరిలో కూర్చుంటారు."

"ఉద్యోగం మానేస్తే?"

"మూడు నెలల ముందు చెప్పాలి."

"ఆ బిస్కట్టుకి విలువేమీ లేదని రాసుకో. విలువ లేనిది లంచం ఎలా అవుతుంది?"

"విలువ లేనిది తింటే తిన్నట్టు కాదు. ఇంకా ముప్పావుగంటే ఉంది హల్వార్, వెనక చూడు."

హల్వార్ వెనక్కి చూడలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి కూడా ఇవ్వాలనే ఉంది, ఇచ్చే గిన్నె మాత్రం పై అంతస్తులో ఉంది. తోరున్ ఏదో పుస్తకం తిరగేసి, ఒకచోట వేలు ఆనించింది.

"ఒక దారి ఉంది. తనిఖీ చేసే ఇంటివాళ్ళతో నీకు చుట్టరికం గానీ, పగ గానీ, విశేషమైన అభిమానం గానీ ఉంటే నువ్వు అనర్హుడివి. అనర్హుడు ఆ ఇంటి వరకు ఉద్యోగి కాడు. ఉద్యోగి కానివాడు ఏమైనా తినొచ్చు."

హల్వార్ ముఖం వెలిగింది. "పగ అని రాసుకో."

"ఎవరితో?"

"అస్లాక్‌తో. వెళ్ళినప్పుడల్లా నన్ను వెక్కిరిస్తాడు."

"ఆయన అందర్నీ వెక్కిరిస్తాడు. అది పగ అయితే ఊరంతా అనర్హులే. చుట్టరికం?"

"లేదు."

తోరున్ కలం పట్టుకుని, కిటికీకున్న రంధ్రం దగ్గరికి వంగింది. ఆ రంధ్రంలోంచి మాట బయటికి రావడానికి మైకు పెట్టారు. అది హాలంతటికీ వినిపిస్తుందని చాలాసార్లు ఫిర్యాదు చేశాం.

"ఆ ఇంటావిడ మీద నీకు విశేషమైన అభిమానం ఉందా?"

హాల్లో గంటల పాట కూడా అప్పుడే ఆగింది.

"పొగగొట్టం మంచిది" అన్నాడు హల్వార్.

"పొగగొట్టం సంగతి అడగలేదు."

"గాలి బాగా లాగుతుంది..."

"చెప్పేయవయ్యా బాబూ!" అని వెనకనుంచి బోదిల్ అరిచింది. "నా మేక రోడ్డు మీదుంది!"

"ఈ మాట మాకందరికీ తెలుసు, ఆవిడొక్కర్తికే చెప్పలేదు నువ్వు" అన్నాడు బల్బు ఆయన. "పన్నెండింటికి తలుపులు మూసేస్తారు. కాస్త త్వరగా ప్రేమించు!"

హల్వార్ టోపీ తీశాడు. జీవితమంతా ఇతరుల పొగగొట్టాల్లోకి తొంగి చూసినవాడికి, తన గుండెలోకి తొంగి చూడమంటే నిచ్చెన ఎక్కడ వేయాలో తెలియలేదు.

"ఉంది" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అదీ కావాలా?"

"పాత తనిఖీలు చెల్లుతాయో లేదో చూడాలి కదా."

"మొదటి తనిఖీ నుంచి."

తోరున్ రాసుకుంది. "అంటే ఆ ఇంటికి ఇన్నేళ్ళుగా చెల్లే తనిఖీయే లేదు."

"దేశంలో అంత శుభ్రమైన పొగగొట్టం ఇంకొకటి ఉండదు!"

"అది ఊరంతా ఎరిగిన విషయమే. అయినా చెల్లదు. మొదటిరోజు నుంచే నువ్వక్కడ ఉద్యోగివి కావు."

ఈ మాట లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే... ఇన్నాళ్ళూ తినొచ్చన్నమాటేగా?"

"తినొచ్చు. చెప్పి ఉంటే" అంది తోరున్. ఠప్పున ముద్ర వేసింది: అనర్హుడు. "గంటలు మోగేలోపు వెళ్ళి తిను. ఇక ఆ ఇంటి తనిఖీకి పక్క ఊరివాడు వస్తాడు."

"అతను తినొచ్చా?"

"ఉద్యోగి కదా, ఎలా తింటాడు? మోసుకుపోతాడు. నీ బదులు వచ్చినవాడు కనుక అది నీ లెక్కలోకే వస్తుంది, నువ్వు ఏటా తిరిగి తెచ్చిపెట్టాలి. ఈ నిబంధన నేను రాసింది కాదు హల్వార్. చదివినప్పుడు మాత్రం ఫర్వాలేదనిపించింది." టోపీ సర్దుకుని, "తర్వాత మేక ఎవరిది?" అని అరిచింది.

మా ఊళ్ళో ఇంటర్నెట్టు మంచి వేగం మీద ఉంటుంది. దానికన్నా వేగమైంది బోదిల్. హల్వార్ ఇంటికెళ్ళి, స్నానం చేసి, గోళ్ళకింద మసి తోమి తోమి ఓడిపోయి, ఉన్న ఒక్క కోటూ వేసుకుని రేవు వీధికి వచ్చేసరికి చీకటి పడింది. రెండువైపులా కిటికీల నిండా నక్షత్రాలు. పసుపుపచ్చ ఇంటి కిటికీ మాత్రం పన్ను ఊడిన నోరులా ఉంది.

నిచ్చెన లేకుండా ఆ ఇంటి ముందు నిలబడటం ఆయనకిదే మొదలు. చేతులు ఏం చేయాలో తోచలేదు. చివరికి తలుపు తట్టాడు.

సిగ్రున్ తీసింది. చేతికి పిండి ఉంది.

"విన్నాను. అనర్హులయ్యారట" అంది.

"అవునండీ."

"దేనికి?"

"మీ పొగగొట్టానికండీ."

"పొగగొట్టానికేనా?"

హల్వార్ బూట్లకేసి చూసుకున్నాడు. "మైకులో చెప్పింది మళ్ళీ చెప్పాలాండీ?"

"మైకు లేకుండా చెప్పండి. బోదిల్ చెబితే సగం మేక గురించే ఉంది."

చెప్పాడు. ఏం చెప్పాడో మాకు తెలియదు. అక్కడ మైకు లేదు. చెప్పడం అయ్యాక, "అబ్బా, తలుపు వేయండి, చలి!" అని లోపలినుంచి అస్లాక్ కేక వేశాడని మాత్రం తెలిసింది.

లోపల పొయ్యి మండుతోంది. ముసలాయన ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు.

"ఒరేయ్ హల్వార్, తలుపుండగా పొగగొట్టంలోంచి వచ్చే వెర్రివాడెవడని ఊళ్ళో అందర్నీ అడుగుతుంటావు కదరా?"

"అడుగుతుంటాను."

"ఆ గోడనున్న అద్దంలో చూసుకో. ఇన్నేళ్ళుగా వాడే వస్తున్నాడు మా ఇంటికి."

హల్వార్ చూసుకున్నాడు. ఎంత తోమినా చెవి వెనక మసి మిగిలే ఉంది. ఏళ్ళ సందేహం తీరిపోయింది. తీరిపోతే ఇంత సిగ్గుగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

సిగ్రున్ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో క్రుమ్‌కాకె ఒక్కటే ఉంది. మొదటి ఏడు పెట్టిన పళ్ళెమే. అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది, ఆయనకది గుర్తుంది.

"కూర్చో" అంది. అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి. ఆ సంగతి ఇద్దరూ గమనించి, గమనించనట్టే ఊరుకున్నారు.

హల్వార్ కూర్చున్నాడు. తల వంచి, రోజూ చేప ఉండల ముందు చెప్పుకునే చిన్న ప్రార్థనే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ, ప్రభువా, ఆ రాత్రి నిన్ను చూడ్డానికి వచ్చిన గొర్రెల కాపరులకు మీ అమ్మ ఏమైనా పెట్టిందా, లేక వాళ్ళూ నాలాగే వట్టి చేతుల్తో నిలబడి వెళ్ళిపోయారా అని లోపల్లోపల అడిగాడు. జవాబు రాలేదు. బిస్కట్టు తీసుకుని కొరికాడు. అది ఎండు పుల్లలా పుటుక్కున విరిగి, సగం ఆయనకున్న ఒక్క కోటు మీద రాలింది.

"ఎలా ఉంది?" అంది సిగ్రున్. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న ఆమె నోట్లోనే ఉంది.

"కొంచెం మాడింది" అన్నాడు హల్వార్. ఆ ఇంటి వరకు ఉద్యోగం పోయినా తనిఖీ బుద్ధి పోలేదు.

"మరేం, నువ్వు వస్తావో రావోనని కిటికీ దగ్గర నిలబడ్డాను కదా."

ఆయన రాలిన పొడిని కూడా వేలితో అద్దుకుని, ఒక్క రవ్వ మిగల్చకుండా తిన్నాడు. అప్పుడు చర్చి గంటలు మొదలయ్యాయి. అస్లాక్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ జర్మనీ దంపతులకు కనబడనిదేదో ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. అది ఏమిటో చెప్పలేం.

కార్యాలయం అప్పటికే మూసేశారు కనుక నక్షత్రం జనవరిలో ఇస్తారు. అప్పగింత మాత్రం సకాలంలో జరిగినట్టు రికార్డుల్లో రాసుకున్నారు. ఆ రికార్డుల ప్రకారం ఈ ఏడు గ్రోత్‌విక్‌లో క్రిస్మస్ వచ్చినట్టు నిర్ధారణ అయిన ఇల్లు ఒక్కటే, కిటికీలో నక్షత్రం లేనిది. మిగతా మా అందరికీ లైసెన్సులు సక్రమంగానే ఉన్నాయి.